మీ జ్ఞాపకాలు రాయడానికి ముందు ఎవరి జ్ఞాపకాలు చదవాలి?

రిటైరయ్యాకో, అమ్మానాన్నల్లో ఒకరు పోయాకో చాలామందికి తమ జీవితం గురించి రాయాలనిపిస్తుంది. నోట్‌బుక్ కొంటారు. "నేను ఫలానా సంవత్సరంలో ఫలానా ఊళ్లో పుట్టాను" అని మొదలుపెడతారు. తాతముత్తాతల పేర్లు, ఊరి వివరాలు అయిపోయాక నాలుగో పేజీలో కలం ఆగిపోతుంది. అప్పుడు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు "ముందు నాలుగు ఆత్మకథలు చదవండి" అంటారు. సలహా మంచిదే. ఏ నాలుగు చదవాలన్నదే తేలదు.

తెలుగులో ఆత్మకథలకు కొదవ లేదు. సంస్కర్తలు, కవులు, కమ్యూనిస్టులు, సినిమావాళ్లు, టీచర్లు, డాక్టర్లు అందరూ రాశారు. వాటిలో పేరున్న పుస్తకం తెచ్చుకుని చదివితే రచయిత మీద గౌరవం పెరుగుతుంది. మీ నోట్‌బుక్‌లో మాత్రం ఐదో పేజీ రాకపోవచ్చు. ఎందుకంటే ఆయన ఇబ్బంది వేరు, మీ ఇబ్బంది వేరు. మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడ దారి కనుక్కున్న పుస్తకం మీకు కావాలి. అది గొప్ప మనిషిదే కానక్కరలేదు. ఈ వ్యాసం రాయడానికి నా కారణం అదే. తప్పు పుస్తకంతో మొదలుపెట్టి, "నా జీవితంలో రాయడానికేం లేదు" అని తేల్చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

## ముందు మీ సంగతి తేల్చుకోండి

మొదటిది వరస. మీ జ్ఞాపకాలు సంవత్సరాల వారీగా వస్తాయా, ముక్కలుముక్కలుగా వస్తాయా? కొందరికి 1975లో ఏ ఊళ్లో ఉన్నారు, జీతమెంత, ఇంటి ఓనర్ ఎవరు అన్నీ గుర్తుంటాయి. ఇంకొందరికి సంవత్సరాలు గుర్తుండవు కానీ ఒక వంటగది, ఒక వాసన, ఒక తిట్టు గుర్తుంటాయి. రెండో రకం వాళ్లు మొదటి రకం వాళ్ల పుస్తకం చదివి అలాగే రాయబోతే చిక్కుకుపోతారు.

రెండోది గొంతు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మనం మాట్లాడేటప్పుడు ఎంతో బాగా చెబుతాం. పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో, రైలు ప్రయాణాల్లో మన చుట్టాలు చెప్పే కథలకి జనం చెవులు అప్పగించి కూర్చుంటారు. అదే మనిషి చేతికి కలం ఇస్తే "తదనంతరము మేము స్వగ్రామమునకు తరలి వెళ్లితిమి" అని రాస్తాడు. స్కూల్లో వ్యాసాలు రాయించిన అలవాటు అది. మాట్లాడే మీకూ రాసే మీకూ మధ్య దూరం ఎక్కువగా ఉంటే, ముందు ఆ దూరాన్ని చెరిపేసే పుస్తకం చదవాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

మూడోది బతికున్న మనుషులు. ఆస్తి పంపకాల్లో అన్యాయం చేసిన బాబాయి, కట్నం దగ్గర మాట తప్పిన మామగారు, తాగి కొట్టిన తండ్రి వీళ్ల గురించి రాయాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయేవాళ్లు ఎందరో. ఈ చిక్కుని ఒక్కో పుస్తకం ఒక్కోలా దాటింది.

నాలుగోది, కథలో మీరెంత, కాలమెంత అన్నది. మీరు ఒక ఉద్యమంలోనో, ఒక సంస్థ పుట్టుకలోనో ఉన్నారనుకోండి, పాఠకుడు మీ కోసమే కాకుండా ఆ సంగతి కోసం కూడా వస్తాడు. లేకపోతే ఇంటి సంగతులే బలం. చివరిగా, రాసేది మీ చేత్తోనా, మీరు చెబితే ఇంకొకరు రాస్తారా అన్నది కూడా చూసుకోవాలి. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

## ఒక్క చూపులో

| చదవాల్సినది | నడక | భాష | నేర్చుకోదగ్గది | ఎవరికి కుదరదు |
|---|---|---|---|---|
| వీరేశలింగం 'స్వీయ చరిత్రము' | వరసగా | గ్రాంథికం | కాగితాలు, ఉత్తరాల ఆధారంతో రాయడం | గొంతు దొరకనివాళ్లకి |
| ప్రకాశం 'నా జీవిత యాత్ర' | వరసగా | సూటిగా | పేదరికాన్ని దాచకుండా చెప్పడం | ఇంటి కథే రాసేవాళ్లకి (మొదటి భాగం తప్ప) |
| కేసరి 'చిన్ననాటి ముచ్చట్లు' | చిన్న ముచ్చట్లుగా | ఇంట్లో మాట్లాడినట్టు | ఎక్కడ ఆపాలో | లోతైన బాధ రాసేవాళ్లకి |
| శ్రీపాద 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' | వరసగా, చాలా నింపాదిగా | గోదావరి మాట | గొంతు | తొందరలో ఉన్నవాళ్లకి |
| ముళ్ళపూడి 'కోతి కొమ్మచ్చి' | గెంతుతూ | ఆటగా | ముక్కలు కలపడం | అనుకరించే అలవాటున్నవాళ్లకి |
| మల్లు స్వరాజ్యం 'నా గొంతే తుపాకి తూటా' | చెప్పినట్టు | తెలంగాణ మాట | చెప్పించి రాయడం | ఒంటరిగా రాసేవాళ్లకి కొంతవరకే |
| కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' | వరసగా, క్లుప్తంగా | నిరాడంబరం | బాధ ముందు నిగ్రహం | గాయం పచ్చిగా ఉన్నవాళ్లకి, వెంటనే వద్దు |
| 'మా నాయన బాలయ్య' | మూడు తరాలు | అనువాదం | కుటుంబాన్ని కథానాయకుడిని చేయడం | తన గురించి మాత్రమే రాసేవాళ్లకి |

పట్టికలో ఇమడని సంగతులు చాలా ఉన్నాయి. అవి కింద చెబుతాను.

## వరసగా నడిచే పుస్తకాలు

తెలుగులో ఆధునిక ఆత్మకథ అనగానే ముందు కందుకూరి వీరేశలింగం పేరు వస్తుంది. ఆయన స్వీయచరిత్ర 1910ల్లో రెండు భాగాలుగా వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించిన మొదటి వితంతు వివాహం, దాని చుట్టూ జరిగిన గొడవ, తనను వెలివేసిన ఊరు, వెంట నిలిచినవాళ్లు, వదిలేసినవాళ్లు అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం బలం సాక్ష్యం. ఎవరేమన్నారో, తానేం జవాబిచ్చాడో కాగితం చేతిలో పట్టుకుని చెబుతున్నట్టు ఉంటుంది. మీ దగ్గర పాత ఉత్తరాలు, సర్వీసు రికార్డులు, కోర్టు కాగితాలు, డైరీలు పెట్టెనిండా ఉంటే ఇది తప్పకుండా చదవండి. జ్ఞాపకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా కాగితంతో సరిచూసుకుంటూ రాయడం ఎలాగో తెలుస్తుంది. ఇబ్బందల్లా భాషే. ఆ గ్రాంథికం చెవిలో పడితే మీ వాక్యం కూడా బిగుసుకుపోతుంది. అందుకే నేర్చుకునేవాళ్లకి మొదటి పుస్తకంగా దీన్ని చెప్పను.

టంగుటూరి ప్రకాశం పుస్తకం వేరే రకం. సైమన్ కమిషన్ రోజుల్లో మద్రాసులో తుపాకులకు ఎదురు నిలబడ్డ మనిషిగా ఆయన మనకు తెలుసు. కానీ రాయడం నేర్చుకునేవాళ్లు చదవాల్సింది ఆ భాగం కాదు, మొదటి భాగం. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. చదువు చెప్పి చేరదీసిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు, నాటకాల పిచ్చి, రాజమండ్రి వెళ్లడం, అల్లరి సావాసాలు అన్నీ ఆయన ఏమీ దాచకుండా చెబుతారు. తర్వాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన మనిషి, తల్లి నలుగురికీ వండిపెట్టి బతికిందని సిగ్గుపడకుండా, గొప్పగా చెప్పుకోకుండా మామూలుగా రాయడం గమనించండి. పేదరికం గురించి రాసేటప్పుడు మనవాళ్లు రెండు గోతుల్లో పడతారు. ఒకటి, అసలు చెప్పకపోవడం. రెండోది, కన్నీళ్లు పెట్టించడానికి చెప్పడం. ప్రకాశం ఆ రెంటిలోనూ పడలేదు. రాజకీయాల్లోకి వచ్చాక పుస్తకం రూపం మారిపోతుంది, సంఘటనల వెంట పరుగెడుతుంది. నాలుగో భాగం తెన్నేటి విశ్వనాథం రాసింది. కాబట్టి గొంతు నేర్చుకోవడానికి పనికొచ్చేది మొదటి భాగమే.

మనవల కోసం రాసే పెద్దవాళ్లకి మాత్రం నేను ఈ ఇద్దరి కంటే ముందు కె.ఎన్. కేసరి 'చిన్ననాటి ముచ్చట్లు' ఇస్తాను. ఒంగోలు దగ్గరి పల్లెలో పుట్టి, ఏమీ లేకుండా మద్రాసు చేరి, ఆయుర్వేద వైద్యుడిగా, 'గృహలక్ష్మి' పత్రిక నడిపిన మనిషిగా ఎదిగిన ఆయన తన చిన్నతనాన్ని, పాత మద్రాసుని చిన్న చిన్న ముచ్చట్లుగా చెప్పారు. పుస్తకం చిన్నది. ఒక్కో ముచ్చట చెప్పాల్సింది చెప్పి ఆగుతుంది. రాయడంలో అలవాటు లేనివాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలన్న భయం కంటే ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే పెద్ద సమస్య. దానికి ఇది మంచి మందు.

## గొంతు కోసం: శ్రీపాద

నాకు ఒక్క పుస్తకమే ఎంచుకోమంటే ఇది ఎంచుకుంటాను. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి 1891లో తూర్పు గోదావరి పొలమూరులో, వేదం, శాస్త్రం చదువుకునే ఇంట్లో పుట్టారు. ఆ ఇంట్లో తెలుగులో కవిత్వం రాయడమంటే చెడిపోవడం కింద లెక్క. సంస్కృతం చదువుకుని వంశం దారిలో నడవాల్సిన కుర్రాడు తెలుగు మీద మోజుపడి, ఇంట్లోవాళ్లతో పేచీలు పడుతూ, ఊరూరా గురువుల దగ్గరికి వెళుతూ చివరికి రచయిత ఎలా అయ్యాడన్నదే ఆ పుస్తకం.

అందులో ఏం జరిగిందన్నది ఒక ఎత్తు, ఎలా చెప్పారన్నది ఇంకో ఎత్తు. ఆయన వాక్యం ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి వాక్యం. మధ్యలో ఆగుతుంది, వెనక్కి వెళుతుంది, ఒక మనిషిని పరిచయం చేయడానికి పక్కకు జరుగుతుంది, మళ్లీ దారికి వస్తుంది. అయినా ఎక్కడా తప్పిపోదు. ఆ పట్టు ఎక్కడ ఉందో చూడాలంటే ఒక పేరా తీసుకుని పైకి చదవండి. మనసులో చదివితే దొరకదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ క్రియని చివరికి నెట్టకుండా ముందుకు తెచ్చారో, ఎదుటివాళ్ల మాటల్ని వాళ్ల యాసలోనే ఎలా ఉంచారో చెవికి తెలుస్తుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం సమయం. పుస్తకం నింపాదిగా నడుస్తుంది. ఎక్కువ పేజీలు బాల్యానికి, చదువుకి, గురువులకి ఇచ్చారు. "తర్వాతేమైంది" అని తొందరపడే పాఠకుడికి ఓపిక నశిస్తుంది. ఆనాటి అగ్రహారపు ఆచారాల మాటలు ఈనాటి వాళ్లకి కొన్ని తెలియవు కూడా. ఇంకో ప్రమాదం ఏమిటంటే, ఆ గోదావరి మాట ఎంత తియ్యగా ఉంటుందంటే ఆదిలాబాద్‌లోనో కర్నూలులోనో పుట్టినవాళ్లు కూడా అలాగే రాయబోతారు. ఆయన దగ్గర తీసుకోవాల్సింది, తన ఇంటి మాటని తాను నమ్మిన ఆ ధైర్యాన్ని. మీ ఇంట్లో "ఏందిరా" అనేవాళ్లయితే మీ పుస్తకంలో కూడా "ఏందిరా" అనే ఉండాలి.

## గెంతుతూ నడిచే జ్ఞాపకం: ముళ్ళపూడి

జ్ఞాపకాలు వరసగా రానివాళ్లకి ముళ్ళపూడి వెంకటరమణ ఊరట. 'స్వాతి' వారపత్రికలో వచ్చిన 'కోతి కొమ్మచ్చి' పిల్లలు చెట్ల మీద ఆడే ఆటలాగే కొమ్మ నుంచి కొమ్మకి గెంతుతుంది. తండ్రి పోయిన బాల్యం, తల్లి కష్టం, మద్రాసు, బాపుతో స్నేహం, పత్రికలు, సినిమాలు, అప్పులు ఏ వరసలోనూ రావు. అయినా చదువుతుంటే గందరగోళం అనిపించదు.

ఎందుకు అనిపించదో పెన్సిలు పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ప్రతి గెంతుకీ ఒక ఆధారం ఉంటుంది. ఒక మనిషి పేరో, ఒక వీధో, ఒక మాటో రెండు జ్ఞాపకాల్లోనూ ఉంటుంది. ఆ ఆధారం లేకుండా గెంతితే పాఠకుడు కింద పడతాడు. మీ దగ్గరున్న ముక్కల్ని కాగితం చీటీల మీద రాసి, ఏ రెండింటిలో ఒకే వస్తువు, ఒకే మనిషి ఉన్నారో వెతకండి. పుస్తకం రూపం అక్కడే దొరుకుతుంది.

అయితే ఆయన హాస్యాన్ని పట్టుకోబోకండి. ఆ మాటల విరుపులు ఆయనవి. వాటిని దగ్గర పెట్టుకుని రాసినవాళ్ల పేజీలు అరువు గొంతులా వినిపిస్తాయి. పైగా ఆ నవ్వుల కింద ఆకలి, అవమానం ఉన్నాయని రెండోసారి చదివినప్పుడు గాని పట్టుబడదు. కాబట్టి రెండోసారి చదవండి.

## చెప్పగా రాసినవి

చాలా ఇళ్లలో అసలు కథ రాయగలవాళ్ల దగ్గర ఉండదు. అమ్మమ్మ దగ్గర, మేనత్త దగ్గర, రాయడం రాని పెదనాన్న దగ్గర ఉంటుంది. వాళ్ల కథ మీరు రాయాలంటే మామూలు ఆత్మకథలు దారి చూపించవు. చెప్పించి రాసిన పుస్తకాలు చూడాలి.

1986లో 'స్త్రీ శక్తి సంఘటన' అనే మహిళా బృందం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇందులో మొదట చదవాల్సింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పిన సంగతులు ఇవి. దళాల్లో తిరగడం, అజ్ఞాతవాసం ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు, ఏం తిన్నారు, పోరాటం అయిపోయాక ఇంటికి వెళ్లి కాపురాలు చేసుకోమంటే ఏమనిపించింది అన్నవి కూడా ఉంటాయి. అడిగినవాళ్లు సరైన ప్రశ్నలు అడిగారు కాబట్టే ఆ జవాబులు వచ్చాయి. మీ అమ్మమ్మని "మీ కాలం ఎలా ఉండేది" అని అడిగితే "బాగానే ఉండేది నాయనా" అంటుంది. "నువ్వు కాపురానికి వచ్చిన రోజు ఈ ఇంట్లో వంట ఎవరు చేశారు?" అని అడిగి చూడండి.

అదే పోరాటంలో ఉన్న మల్లు స్వరాజ్యం జీవితాన్ని ఆమె చెప్పగా విమల, కాత్యాయని పుస్తకంగా తెచ్చారు. 2019లో వచ్చింది. ఒకే మనిషి గొంతు పుస్తకమంతా నిలబడాలంటే రాసేవాళ్లు ఎంత పక్కకి తప్పుకోవాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. చూపు పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం తన స్వీయచరిత్రని చెప్పి రాయించిన సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కంటిచూపు తగ్గి, చేయి వణికి రాయలేకపోతున్న పెద్దవాళ్లకి ఆ దారి ఎప్పుడూ ఉంది.

ఇప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. తెలుగులో మాట్లాడితే టైపు చేసిపెట్టే సదుపాయం కూడా ఉంది. ఒక్క జాగ్రత్త: అది యాసని సరిగ్గా పట్టుకోదు, "పోయిండు" అంటే ఇంకేదో రాస్తుంది. మీరు కూడా సరిదిద్దే పేరుతో దాన్ని "వెళ్లిపోయాడు" చేసేయకండి. రికార్డింగుని చెరపకుండా దాచండి. అనుమానం వచ్చినప్పుడల్లా మళ్లీ వినాలి.

## బాధ రాయాలనుకుంటే

కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో పుట్టి నూరేళ్లు బతికారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, వైధవ్యం. పెద్దయ్యాక కొండపల్లి సీతారామయ్యతో పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. తర్వాత భర్త దూరమయ్యారు. మధ్యవయసులో మళ్లీ చదువుకుని కాకినాడలో హాస్టల్ ఉద్యోగం చేశారు. కొడుకునీ కూతురినీ పోగొట్టుకున్నారు. ఇంత జీవితాన్ని ఆమె 'నిర్జన వారధి'లో పెద్ద పుస్తకం చేయకుండా చెప్పారు. అది 2012లో వచ్చింది, అప్పటికి ఆమెకు తొంభై దాటాయి.

ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది, బాధ ఎక్కువైన చోట వాక్యం చిన్నదవడం. విశేషణాలు తగ్గిపోతాయి. గుండె పగిలిందని చెప్పరు, ఏం జరిగిందో చెబుతారు. తనని వదిలి వెళ్లిన మనిషి గురించి రాసేటప్పుడు కూడా తిట్ల జోలికి పోరు, అలాగని కప్పిపుచ్చరు. బతికున్నవాళ్ల గురించి, గాయపరిచినవాళ్ల గురించి ఎలా రాయాలో తెలియక ఆగిపోయినవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

కానీ మీ గాయం ఇంకా పచ్చిగా ఉంటే ఈ పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ నిగ్రహం ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది. ఇప్పుడే అలా రాయాలని పట్టుబడితే మీరు చెప్పాల్సింది నొక్కేసుకుంటారు. ముందు కోపంతోనే, ఎవరికీ చూపించకుండా అంతా రాసేయండి. చదవడం, దిద్దడం తర్వాత.

## కథలుగా రాయడం, నవలగా రాయడం

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా మాటలో తన పల్లెనీ అమ్మానాన్ననీ కథలుగా రాశారు. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం ఇంటి బాల్యం. సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు' ఒక చురుకైన ఆడపిల్ల కళ్లతో చూసిన ఇల్లు. మూడూ జీవితమంతా చెప్పవు, బాల్యంలోంచి ఒక్కో సంఘటన తీసుకుని కథగా నిలబెడతాయి. ఊరు వదిలి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటూ ఊరి గురించి రాయాలనుకునేవాళ్లకి ఇవే సరైన మొదలు. ఒక్క సంఘటన, రెండు మూడు పేజీలు, అమ్మ మాట అమ్మ మాటలాగే. ఇలా పది రాస్తే పుస్తకంలో సగం ఉన్నట్టే. లోటు ఒకటుంది. బాల్యం అయిపోయాక ఈ పద్ధతి పెద్దగా సాయపడదు. ఉద్యోగం, కాపురం, రోగం ఇవి ముద్దుగా చెబితే నప్పవు.

నవల పేరుతో రాయడం ఇంకో దారి. శ్రీశ్రీ 'అనంతం' ఆత్మకథ లాంటి నవల. పి.వి. నరసింహారావు 1998లో ఇంగ్లీషులో రాసిన 'ది ఇన్‌సైడర్' కూడా తన రాజకీయ జీవితాన్నే పేర్లు మార్చి, అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రంలో పెట్టి చెప్పింది. 'లోపలి మనిషి'గా తెలుగులోకి వచ్చింది. బంధువుల టెన్షన్ ఎక్కువగా ఉంటే ఈ దారి తీసుకోవచ్చు. కానీ చుట్టాలు ఎలాగూ పోల్చుకుంటారు. పైగా పాఠకుడు "ఇది నిజంగా జరిగిందా" అని ప్రతి పేజీలో అనుమానపడతాడు. నిజమని చెప్పినప్పుడు వచ్చే బలం పోతుంది. చాలామందికి నేను ఇది వద్దనే చెబుతాను.

## తరాల కథ

వై.బి. సత్యనారాయణ తన కుటుంబం గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 'మా నాయన బాలయ్య'గా తెలుగులో దొరుకుతుంది. తెలంగాణలో ఒక దళిత కుటుంబం రైల్వే ఉద్యోగాల ఆసరాతో, చదువుతో మూడు తరాల్లో ఎలా పైకి వచ్చిందన్నది అందులో ఉంది. నిజాం ఇచ్చిన యాభై ఎకరాల్లో ఊరి దొర రెండెకరాలే మిగలనిచ్చిన సంగతి కుటుంబం నోటి నుంచి నోటికి అందుకున్న జ్ఞాపకం. రచయిత చూడనిది. తాను చూడనిదాన్ని, విన్నదాన్ని ఎలా రాయాలన్న ప్రశ్న మీకు ఉంటే ఇక్కడ జవాబు ఉంది. నాన్న కథ చెబుతూనే తన కథ చెప్పడం కూడా ఇందులో గమనించాలి. "నా గురించి నేనేం రాసుకుంటాను" అని మొహమాటపడేవాళ్లకి ఈ రూపం బాగా నప్పుతుంది.

## మీకు ఏది?

మనవల కోసం రాసే రిటైరైన ఉద్యోగి అయితే కేసరి ముందు, ప్రకాశం మొదటి భాగం తర్వాత. దానితోపాటు గాంధీ ఆత్మకథ అధ్యాయాల నిడివి చూడండి. 1925 నుంచి 1929 వరకు 'నవజీవన్'లో వారం వారం వచ్చింది కాబట్టి ఒక్కో అధ్యాయం రెండు మూడు పేజీలే. వారానికి ఒకటి రాయడమన్నది ఎవరికైనా అందే పని.

అమ్మ కథ రాయాలనుకునే కూతురు 'మనకు తెలియని మన చరిత్ర'తో మొదలుపెట్టి 'మా నాయన బాలయ్య'కి రావాలి. అమ్మకి ఎనభై దాటితే చదవడం తర్వాత, రికార్డింగు ముందు. పుస్తకాలు ఎక్కడికీ పోవు.

రచయిత కావాలన్న కోరికతోనే మొదలుపెట్టిన చిన్న వయసు వాళ్లకి శ్రీపాద. ఆ తర్వాతే ముళ్ళపూడి. ఆ వరస తారుమారైతే గొంతు రాకముందే విన్యాసం వస్తుంది. సంస్థల్లో, ఉద్యమాల్లో పనిచేసి, కాగితాలు దాచుకున్నవాళ్లకి వీరేశలింగం. డైరీ రాసే అలవాటున్నవాళ్లు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర కూడా చూడాలి. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన మనిషి దారిలో చూసిన ఊళ్లనీ ధరలనీ మనుషుల్నీ ఏ రోజుకి ఆ రోజు రాసిపెట్టుకున్నాడు కాబట్టే అవి ఇన్నేళ్ల తర్వాత కూడా తాజాగా ఉన్నాయి.

## చదివేటప్పుడు

ఒకసారి మామూలుగా, కథ కోసం చదివేయండి. రెండోసారి పెన్సిలుతో. అప్పుడు మూడు రకాల చోట్ల గుర్తు పెట్టండి: రచయిత ఎన్నో ఏళ్లని ఒక్క వాక్యంలో దాటేసిన చోటు, ఒక్క పూటకి పేజీలు ఇచ్చిన చోటు, చెప్పకుండా వదిలేశాడని మీకు అనుమానం వచ్చిన చోటు. ఆ మూడో గుర్తులే ఎక్కువ నేర్పుతాయి. వదిలేసినా పుస్తకం నిలబడిందా, అక్కడ బోలుగా ఉందా అని అడగండి. మీరు దాచాలనుకున్న సంగతి దాచవచ్చో లేదో మీకే తెలుస్తుంది.

ఒక అధ్యాయం నచ్చితే దాని ఎముకల్ని ఒక కాగితం మీద రాయండి: ఎక్కడ మొదలైంది, ఎవరు వచ్చారు, ఎవరు మాట్లాడారు, ఎక్కడ ఆగింది. పుస్తకం మూసేసి అదే వరసలో మీ ఇంటి సంఘటన ఒకటి రాయండి. ఒక్క వాక్యం కూడా అరువు తెచ్చుకోకండి. అలాగే ఒకేసారి నాలుగు పుస్తకాలు తెరవకండి. ఒకటి చదివాక మీవి కొన్ని పేజీలు రాసి, అప్పుడు రెండోది తెరవండి. చదవడమే పనిగా పెట్టుకుంటే రాయకుండా ఉండటానికి అది మంచి సాకు అవుతుంది.

ప్రకాశం, కేసరి పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. 'నిర్జన వారధి', 'మా నాయన బాలయ్య', మల్లు స్వరాజ్యం పుస్తకం కోసం హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌ని అడగండి. శ్రీపాద కొత్త ముద్రణ దొరక్కపోతే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పాత ప్రతి ఉందేమో వాకబు చేయండి.